అట్ట ఇచ్చే మాట: వ్యక్తిత్వ వికాస పుస్తకానికి ముఖచిత్రం ఎలా ఉండాలి?

నవల కొనేవాళ్లు కథ కోసం కొంటారు. కవిత్వం కొనేవాళ్లు కవి పేరు చూసి కొంటారు. వ్యక్తిత్వ వికాస పుస్తకం కొనే అమ్మాయి మాత్రం తన గురించి తాను ఏదో ఒకటి ఒప్పుకుని ఆ అర దగ్గరికి వస్తుంది. నాకు భయం ఎక్కువ, నాకు చదివింది గుర్తుండదు, నాకు కోపం ఆగదు, నా చేతిలో డబ్బు నిలవదు. ఈ మాట ఇంట్లోవాళ్లకి కూడా చెప్పి ఉండకపోవచ్చు. పుస్తకం లోపల ఏముందో ఆమెకి ఇంకా తెలియదు. ఆమెతో మొదట మాట్లాడేది అట్టే.

అందుకే ఈ రకం పుస్తకానికి అట్ట వేయడం కొంచెం కష్టమైన పని. అట్ట ఒక మాట ఇస్తుంది. ఆ మాట పుస్తకం నిలబెట్టుకోగలగాలి. ఆ పుస్తకం చేతిలో పట్టుకోవడానికి చదివే మనిషి సిగ్గుపడకూడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నవి ఈ రెండే. పేరు, అక్షరం, బొమ్మ, రంగు అన్నీ ఈ రెండింటికీ పనిముట్లు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

1. ఈ అర కొత్తదేం కాదు

ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలకి పేరు స్థిరపడింది శామ్యూల్ స్మైల్స్ 1859లో వేసిన 'సెల్ఫ్ హెల్ప్'తో. డేల్ కార్నెగీ ప్రసిద్ధ పుస్తకం 1936లో వచ్చింది. మన దగ్గర బతుకు నేర్పే పుస్తకాలు అంతకుముందే ఉన్నాయి. శతకాల సంగతి అందరికీ తెలుసు. ఈ ఊళ్లోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక వెలువరించారు. స్నేహితుల్ని ఎలా ఎంచుకోవాలి, చాడీ మాట స్నేహాన్ని ఎలా చెడగొడుతుంది అన్నవే కదా మిత్రలాభం, మిత్రభేదం! 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి తన మొదటి పుస్తకంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను వేసింది. పేదింట్లో పుట్టి స్వయంకృషితో పైకొచ్చిన మనిషి కథ అది. హైదరాబాదులో పుట్టిన ఆ మండలి తర్వాత మద్రాసుకే మారింది.

పాతకాలం పుస్తకాలకి ముఖచిత్రం అంటూ వేరే ఉండేది తక్కువ. లోపలి పేరు పుటే బయట రంగు కాగితం మీద మళ్లీ అచ్చయ్యేది. చుట్టూ పూలగీతల బోర్డరు, మధ్యలో పుస్తకం పేరు, కింద కర్త పేరు, ప్రెస్సు పేరు, వెల. చదివేవాళ్లు పుస్తకాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కాబట్టి పుస్తకం వాళ్లని పిలవాల్సిన అవసరం లేదు.

పాకెట్ పుస్తకాలు వచ్చాక పరిస్థితి మారింది. పుస్తకం రైల్వే స్టేషన్ స్టాల్‌కీ, బస్టాండు బంకుకీ చేరింది. రైలు కదిలేలోపు మనిషిని పిలవాలి. ఎమెస్కో లాంటి సంస్థలు ఇంటింటికీ పుస్తకం చేర్చాలనుకున్న ఆ కాలంలో తెలుగు ముఖచిత్రానికి ఒక తీరు తెచ్చినవాళ్లలో బాపు గారు (1933–2014) ముఖ్యులు. ఆయన చదువూ, పనీ, జీవితమూ చాలావరకు మద్రాసులోనే సాగాయి. ఆయన అట్టల నుంచి మనం రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. ఒకటి, ఖాళీని ఖాళీగా వదిలేయడానికి భయపడకూడదు. రెండు, పుస్తకం పేరు బొమ్మ మీద అతికించిన చీటీలా ఉండకూడదు, అది కూడా బొమ్మలో భాగమే. ఆయన చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంటుగా కూడా మారిందంటే ఆ అక్షరానికి ఎంత రూపం ఉందో ఊహించండి.

ఆ తర్వాతి తరంలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'విజయానికి ఐదు మెట్లు', ఇంద్రజాలికుడిగా, హిప్నాటిస్టుగా పేరు తెచ్చుకున్న బి.వి. పట్టాభిరామ్ గారి పుస్తకాలు వచ్చాయి. నవలలతోనో, వేదికల మీదో జనానికి ముందే తెలిసిన మనుషులు వీళ్లు. అలాంటప్పుడు అట్ట మీద రచయిత పేరే సగం మాట ఇచ్చేస్తుంది. మనలాంటి కొత్తవాళ్లు వేసే పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. మాట మొత్తం అట్టే ఇవ్వాలి.

2. పేరు సగం చెబితే బొమ్మ సగం చెప్పాలి

'విజయానికి ఐదు మెట్లు' అనే పేరునే తీసుకుందాం. 'విజయం' అంటే చివరికి దొరికేది. 'ఐదు' అంటే లెక్క, దీనికి ఒక ముగింపు ఉందన్న ధైర్యం. 'మెట్లు' అంటే ఎక్కాల్సింది నువ్వే అన్న హెచ్చరిక. మూడు మాటల్లో ఫలం, పరిమితి, శ్రమ మూడూ వచ్చేశాయి. ఇలాంటి పేరు కింద మళ్లీ ఐదు మెట్ల బొమ్మ వేస్తే ఏమవుతుంది? చెప్పిందే చెప్పినట్టు అవుతుంది. పేరులో బొమ్మ ఉంటే అట్ట ఆ బొమ్మ ఎవరిదో చెప్పాలి, ఎక్కడిదో చెప్పాలి, లేదా ఊరుకోవాలి.

ఇంకో ఉదాహరణ. అబ్దుల్ కలాం గారి 'వింగ్స్ ఆఫ్ ఫైర్' 1999లో వచ్చింది. వాడ్రేవు చినవీరభద్రుడు గారి తెలుగు అనువాదం పేరు 'ఒక విజేత ఆత్మకథ'. ఇంగ్లీషు పేరు ఒక దృశ్యం, అది ఎవరి గురించో, దేని గురించో అట్ట చూస్తే గాని తెలియదు. తెలుగు పేరు విషయాన్ని తానే చెప్పేసింది, పైగా 'విజేత' అన్న ఒక్క మాటతో పుస్తకాన్ని ఆత్మకథల అర నుంచి వ్యక్తిత్వ వికాసం అర వైపు కూడా జరిపింది. ఒకే పుస్తకం, రెండు పేర్లు, అట్టకి రెండు వేర్వేరు పనులు. అనువాదాలకి ముఖచిత్రం వేసేవాళ్లు ఇది గమనించాలి.

బయటి దేశాల పుస్తకాల్లో మనందరం చూసిన మూడింటిని పక్కపక్కన పెట్టి చూడండి. 'ది సీక్రెట్' అట్ట మీద పాత కాగితం, ఎర్రటి లక్క ముద్ర ఉంటాయి. నీ నుంచి దాచిన సంగతి ఏదో లోపల ఉందని ఊరిస్తుంది. 'ఇకిగాయ్' అట్ట మీద నీలం నేల, పూసిన చెర్రీ కొమ్మ. ఇది ఏ మాటా ఇవ్వదు, ఒక ప్రశాంతతని మాత్రం చూపిస్తుంది. 'అటామిక్ హ్యాబిట్స్' అట్ట మీద చిన్న చిన్న చుక్కలు కలిసి అక్షరాలవుతాయి. చిన్న అలవాట్లు పోగై పెద్ద మార్పు అవుతాయన్నది ఆ పుస్తకం వాదం, అట్ట ఆ వాదాన్ని చేసి చూపించింది. నా ఓటు మూడో దానికే. అది ఆశ పెట్టలేదు, పుస్తకంలో ఉన్న ఆలోచననే ముందు పెట్టింది.

3. తెలుగు అక్షరానికి గాలి కావాలి

ఇది మన విభాగం ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన సంగతి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక బడికి వెళ్లిన తరం మనది. మనలో చాలామందికి తెలుగు ఇంటి మాట, బడి మాట తమిళమో ఇంగ్లీషో. చదవగలం కానీ కూడబలుక్కోవాలి. అలాంటి పాఠకురాలికి అట్ట మీది పేరు ఒక్క చూపులో అందకపోతే పక్కనున్న ఇంగ్లీషు పుస్తకం తీసుకుంటుంది. అప్పుడు మనం పోగొట్టుకునేది ఒక పుస్తకం అమ్మకాన్ని కాదు, తెలుగులో చదివే ఒక మనిషిని.

ఇంగ్లీషు పేర్లని పెద్దబడి అక్షరాల్లో పెడితే పైనా కిందా గీత గీసినట్టు సమంగా ఉంటాయి. రెండు వరుసల్ని దగ్గరగా పేర్చవచ్చు. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, కింద ఒత్తు ఉంటాయి. 'ఆత్మవిశ్వాసంతో' అని ఒక వరుస, 'విజయం సాధించండి' అని కింద ఇంకో వరుస రాసి చూడండి. పై వరుసలో త్మ, శ్వా ఒత్తులు కిందికి దిగుతాయి. కింది వరుసలో వి, ధి, డి గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లీషు అట్ట కొలతల్లోనే తెలుగు పేరుని ఇరికిస్తే ఇవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. నందనంలో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనలో అనువాద పుస్తకాల అట్టలు వరుసగా చూస్తూ పోతే ఈ ఇరుకు తేలిగ్గానే కనిపెట్టవచ్చు.

గుర్తుంచుకోవాల్సినవి ఇంకొన్ని:

మరీ లావు ఫాంటు ప్రమాదం. ధ, థ ల మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ప, ఫ ల మధ్య తేడా కింది చిన్న గీత. అక్షరం బాగా లావెక్కితే లోపలి ఖాళీ పూడిపోయి ఈ తేడాలు మాయమవుతాయి. అందులోనూ ఇప్పుడు చాలామంది అట్టని మొదట ఫోనులో తపాలా బిళ్లంత సైజులో చూస్తున్నారు.

అక్షరాల మధ్య దూరం పెంచడం, పేరుని నిలువుగా ఒక్కో అక్షరం కింద పేర్చడం ఇంగ్లీషులో నప్పవచ్చు. తెలుగులో మాట విరిగిపోతుంది.

తెలుగుకి పెద్ద, చిన్న బడి అక్షరాల తేడా లేదు. ఒక మాటని ఎత్తి చూపాలంటే సైజు, లావు, రంగు, ఈ మూడే దారులు. మూడూ ఒకేసారి వాడొద్దు. ఒకటి చాలు.

ఫాంట్ల కొరత అనే సాకు ఇప్పుడు చెల్లదు. రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, తెనాలి రామకృష్ణ, పెద్దన, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. రామభద్ర లావుగా ఉంటుంది, పొట్టి పేర్లకి బాగుంటుంది. మండలి సాదాగా ఉంటుంది, వెనక అట్ట మీది మాటలకి సరిపోతుంది. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కకి పడుతుంటే ఫాంటుని తిట్టుకోకుండా అందులో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకున్నామో లేదో ముందు చూడాలి.

4. బొమ్మలో ఎవరున్నారు?

వ్యక్తిత్వ వికాస పుస్తకాల అర ముందు నిలబడి బొమ్మలు లెక్కపెట్టండి. కొండ శిఖరం మీద జెండా. నిచ్చెన. వెలిగే బల్బు. డేగ. ఉదయిస్తున్న సూర్యుడు. కోటూ టైతో చేతులు రెండూ పైకెత్తిన మగమనిషి. చెన్నై మే నెల ఎండలో ఆ కోటు ఎవరు వేసుకుంటారో నాకు తెలియదు గానీ, విజయం అనగానే ఆయనే వచ్చేస్తాడు. మన కాలేజీలో చదివే అమ్మాయికి ఆ బొమ్మ ఏం చెబుతుంది? ఈ పుస్తకం వేరే ఎవరికోసమో రాశారని చెబుతుంది.

పోనీ అమ్మాయి బొమ్మ పెడదామంటే లాప్‌టాప్ ముందు నవ్వుతున్న తెల్లటి మోడల్ ఫోటో దొరుకుతుంది. ఆమె కూడా మనలో ఎవరికీ చుట్టం కాదు. దీనికి మందు మనిషి బదులు వస్తువుని వెతకడం. చదివే మనిషి రోజూ ముట్టుకునే వస్తువు. పొదుపు గురించైతే పోపుల డబ్బా, సమయం గురించైతే చిల్లులు పడిన బస్ టికెట్, కోపం గురించైతే మూత ఎగురుతున్న పాలగిన్నె. వస్తువుకి కులం, రంగు, వయసు ఉండవు. చూసినవాళ్లు తమ ముఖాన్ని తామే అక్కడ పెట్టుకుంటారు.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికిందని ఏ ఫోటో అయినా తీసి అట్టకి వాడకూడదు. దాన్ని తీసినవాళ్లకి హక్కు ఉంటుంది. మన తరగతిలోనే బొమ్మ వేసేవాళ్లు ఉన్నప్పుడు ఆ అవసరం కూడా లేదు.

5. రంగుకి కూడా ఊరుంటుంది

ఎరుపు ఉత్సాహం, నీలం నమ్మకం అని డిజైన్ పాఠాల్లో చెబుతారు. అది కొంతవరకే నిజం. చెన్నైలో నలుపు మీద ఎరుపు పెట్టారంటే చూసినవాళ్లకి పార్టీ జెండా గుర్తొస్తుంది. ఆంధ్రలో నిండు పసుపు, తెలంగాణలో గులాబీ అంతే. పసుపూ ఎరుపూ కలిసి బంగారు గీత పడితే శుభలేఖ అవుతుంది. కాబట్టి రంగు ఎంచుకునే ముందు ఈ ఊళ్లో ఈ రంగు ఇప్పటికే ఎవరిది అని అడగాలి. రెండు రంగులు, వాటి మధ్య బాగా తేడా, అక్షరం వెనక ప్రశాంతమైన నేల ఉంటే చాలావరకు గట్టెక్కుతాం.

6. ఒక అట్టని కలిసి ఆలోచిద్దాం

మన విభాగం మొదటి సంవత్సరం విద్యార్థినుల కోసం వేయబోతున్న చిన్న పుస్తకం సభాకంపం గురించి. నలుగురి ముందు లేవాలంటే కాళ్లు వణకడం, తెలిసిన జవాబు కూడా గొంతు దాటకపోవడం. ముఖచిత్రం సంగతి చూడమని నాకు అప్పగించారు. వచ్చిన పేర్లలో మూడింటిని ఇక్కడ పెడుతున్నాను.

'30 రోజుల్లో గొప్ప వక్త'. ఊరిస్తుంది. కానీ మన పుస్తకంలో ముప్పై రోజుల లెక్క లేదు, గొప్ప వక్తల్ని చేసే ఉపాయమూ లేదు. ముప్పై ఒకటో రోజున కూడా ఒక అమ్మాయి గొంతు వణికితే ఆమె అట్టని తప్పుపట్టదు, తననే తప్పుపట్టుకుంటుంది. నిలబెట్టుకోలేని మాట ఇచ్చే అట్ట చేసే హాని ఇదే. దిగులు, నిద్రలేమి లాంటి విషయాల మీద పుస్తకమైతే ఈ హాని ఇంకా ఎక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషిని అట్ట ఆపేయగలదు.

'పిరికితనం పోగొట్టుకోండి'. అబద్ధం లేదు. కానీ ఎలక్ట్రిక్ రైల్లో ఈ పుస్తకం తెరిచిన అమ్మాయిని ఎదురు సీటువాళ్లు చూస్తారు. అట్ట ఆమె గురించి వాళ్లకి చెప్పేస్తుంది, నేను పిరికిదాన్ని అని. ఆమె న్యూస్‌పేపర్ అట్ట వేసుకుంటుంది, లేదా పుస్తకం బ్యాగులోంచి తియ్యదు. మంచి సలహా ఎంత ఉన్నా బ్యాగులోనే ఉండిపోతుంది.

'నలుగురిలో నోరు విప్పాలంటే'. ఇది ఇళ్లలో వినే మాట. భయం అనే పదం లేదు, గొప్ప అనే పదం లేదు. చేయాల్సిన పని ఉంది. 'విప్పాలంటే' దగ్గర వాక్యం ఆగిపోయి, మిగతాది లోపల చదువు అంటుంది. ఎవరి చేతిలో ఉన్నా ఎవరికీ తలవంపులు లేవు. నా మొగ్గు దీనికే.

అక్షరాల పరంగా కూడా ఈ పేరు మంచిది. 'నలుగురిలో' పై వరుస, 'నోరు విప్పాలంటే' కింది వరుస అనుకుందాం. పై వరుసలో కిందికి దిగే ఒత్తు ఒక్కటీ లేదు. ఉన్న ఒకే ఒక్క ప ఒత్తు కింది వరుసలో ఉంది, దాని కింద ఖాళీయే. రెండు వరుసల్ని దగ్గరగా, పెద్దగా పెట్టవచ్చు.

బొమ్మగా మైకు వద్దు, అది భయపెట్టేదే. వరుసగా తరగతి బల్లలు, వాటి మీద నోటుపుస్తకాలు, ఒక్క బల్ల వెనక మాత్రం కుర్చీ కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. ఎవరో ఇప్పుడే లేచి నిలబడ్డారు. ఎవరన్నది అట్ట చెప్పదు. మనిషిని గీయకుండానే మనిషి లేచిన సంగతి తెలుస్తుంది, పేరు చెప్పని సగం బొమ్మ చెబుతుంది.

7. ప్రెస్సుకి వెళ్లేముందు

డెమ్మీ సైజు పుస్తకం సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. అట్ట ఫైలు అంతే కొలతలో ఇస్తే కోతలో అంచున తెల్లగీత పడుతుంది. నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా రంగు వదలాలి. పేరు, ముఖ్యమైన బొమ్మ అంచుకి దూరంగా ఉండాలి.

వెన్ను మందం ముందే లెక్కకట్టాలి. మామూలు కాగితం సుమారు పదోవంతు మిల్లీమీటరు మందం. రెండొందల పేజీలంటే వంద కాగితాలు, అంటే దాదాపు ఒక సెంటీమీటరు. మన పుస్తకం అంత ఉండదు, పిన్ను కొట్టిన పుస్తకానికి అసలు వెన్నే ఉండదు. కానీ వెన్ను ఉన్న పుస్తకానికి దాన్ని ఖాళీగా వదలడం పెద్ద నష్టం. 1896లో తెరిచిన ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లి తెలుగు అరల ముందు నిలబడితే కారణం తెలుస్తుంది. అక్కడ అట్టలు కనబడవు, వెన్నులే కనబడతాయి.

వెనక అట్ట మీద పొగడ్తలు వద్దు. లోపల ఏ ఏ విషయాలున్నాయో మూడు నాలుగు వాక్యాలు, ఎవరికి పనికొస్తుందో ఒక వాక్యం. వెల, ఐఎస్‌బీఎన్ తీసుకుంటే దాని గీతలకి తెల్లటి చోటు. కంప్యూటర్ తెర మీద మెరిసే రంగు కాగితం మీద మందగిస్తుంది కాబట్టి ఒక నమూనా కాపీ తీయించి పగటి వెలుతురులో చూశాకే ఎక్కువ కాపీలకి ఒప్పుకోవాలి.

8. మనమే చేసుకోగల పరీక్షలు

అట్ట నమూనాని ఫోనులో బొటనవేలి గోరంత చేసి చూడండి, పేరు చదవగలుగుతున్నారా? ఆరడుగుల దూరంలో గోడకి పెట్టి చూడండి. తెలుగు నెమ్మదిగా చదివే స్నేహితురాలికి రెండు సెకన్లు చూపించి దాచేయండి, పేరు చెప్పగలిగిందా? పేరు మూసేసి బొమ్మ ఒక్కటే చూపించి ఇది దేని గురించి అని అడగండి. బొమ్మ మూసేసి పేరు ఒక్కటే చూపించి అదే అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే అట్ట ఒకే మాట రెండుసార్లు చెబుతోందన్నమాట. అట్ట ఇచ్చిన మాటని ఒక కాగితం మీద రాసి విషయసూచిక పక్కన పెట్టండి, ఏ అధ్యాయం దాన్ని నిలబెడుతోంది? చివరిగా, ఈ పుస్తకాన్ని అట్ట బయటికి కనిపించేలా పట్టుకుని కాలేజీ గేటు నుంచి బస్టాపు దాకా నడవగలరా?

ఈ వ్యాసం కింద ఒక తెల్ల చార్టు అంటించాను. 'నలుగురిలో నోరు విప్పాలంటే' అన్న పేరుకి మీకు తోచిన బొమ్మ, రంగు పెన్సిల్‌తో గీసి దాని మీద అతికించండి. వేరే పేరు బాగుంటుందనిపిస్తే అదీ రాయండి. పేరు రాయడం ఇష్టంలేనివాళ్లు తరగతి మాత్రం రాస్తే చాలు. ఎక్కువమంది పై పరీక్షల్లో నెగ్గిందని చెప్పిన అట్టనే మన మేడమ్‌ల అనుమతితో ప్రెస్సుకి ఇద్దాం.